వ్యాస నిర్మాణం – ఒక ఆత్మవిమర్శ

విద్యార్థుల చేత వ్యాసాలు రాయించటం, వాటిని దిద్దటం, మార్కులు వెయ్యటం నా వృత్తి. పదేళ్ళ పైగా ఈ పని చేస్తున్నాను. అందువల్ల వ్యాసాన్ని ఎలా కట్టాలో నాకు తెలుసుననే నమ్మకం నాలో చాలాకాలం ఉండేది. రెండేళ్ళ కిందట ఒక సదస్సుకు పత్రం రాయవలసి వచ్చింది. అదే నెలలో ఒక విద్యార్థిని రాసిన వ్యాసాన్ని నా చేతులారా చెడగొట్టాను. ఈ రెండు సంఘటనలూ కలిసి ఆ నమ్మకాన్ని పోగొట్టినై. వీటిని గురించి చెప్పటంలో నా సొంత గొడవ కొంత ఉన్నమాట నిజమే. కాని ఈ పత్రిక చదివేవారిలో ఎక్కువమంది అధ్యాపకులూ, విద్యార్థులే గనక, ఇది నా ఒక్కడి గొడవే కాదనుకుంటున్నాను.

డిగ్రీ తరగతుల్లో తెలుగు వ్యాసానికి ఒక నమూనా ఉన్నది. నేను చదువుకున్నప్పుడు నాకు చెప్పిందీ అదే, ఉద్యోగంలో చేరాక నేను చెబుతూ వచ్చిందీ అదే. మొదట ఉపోద్ఘాతం, తర్వాత రచయిత జీవితం, ఆ తర్వాత ఇతివృత్తం, పాత్రచిత్రణా శైలీ కలిపి ఒకటి, చివర ముగింపు. ఇది ఐదు గదుల ఇల్లు. ఏ గ్రంథాన్ని తెచ్చినా ఈ ఇంట్లో కాపురం పెట్టించవచ్చు. మనుచరిత్రకు అవే గదులు, మాలపల్లికి అవే గదులు. పరీక్ష రాసేవాళ్ళకు ఇందులో సౌకర్యం ఉన్నది. దిద్దేవాళ్ళకు అంతకన్న ఎక్కువ సౌకర్యం ఉన్నది. గదికి ఇన్ని మార్కుల చొప్పున లెక్కవేసి కట్ట ముగించవచ్చు.

నేను చెప్పిన విద్యార్థిని పలాస వైపు నుంచి వచ్చింది. తల్లి జీడిపప్పు పరిశ్రమలో పప్పు మీది పొట్టు తీసే పని చేస్తుంది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఈ అమ్మాయే. మూడో సంవత్సరంలో అందరూ ఒక దీర్ఘవ్యాసం రాయాలి. ఈ అమ్మాయికి "కన్యాశుల్కం – సామాజిక నేపథ్యం" అనే శీర్షిక నేనే ఇచ్చాను. పదిహేను పేజీలు రాసుకొచ్చింది. పద్నాలుగు పేజీలు నేను చెప్పిన గదుల్లో నేను చెప్పినట్టే సర్ది ఉన్నై. మధ్యలో ఒక్క పేజీ మాత్రం ఏ గదిలోదీ కాదు.

ఆ పేజీ సారాంశం ఇది. గురజాడ 1897లో నాటకాన్ని అచ్చువేస్తూ ఇంగ్లీషులో రాసిన పీఠికలో ఒక లెక్క ఉన్నది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో శుల్కం పుచ్చుకొని చేసిన బ్రాహ్మణ వివాహాలకు విజయనగరం మహారాజు ఆనందగజపతి ఒక పట్టిక తయారు చేయించాడు. అందులోకి 1034 పెళ్ళిళ్ళు ఎక్కినై. ఈ అమ్మాయి ఆ లెక్క ఇచ్చి, దాని కిందనే రాసింది: మా నాయనమ్మను కూడా ఓలి ఇచ్చే చేసుకున్నారు. ఆమె ఆ సంగతి సిగ్గుపడుతూ చెప్పదు, గొప్పగా చెబుతుంది. మా అప్ప పెళ్ళికి మేమే కట్నం ఇచ్చాం. ఆ అప్పు ఇంకా తీరలేదు. పిల్లకు డబ్బు పుచ్చుకోవటం దురాచారమైతే మా నాయనమ్మ పెళ్ళి దురాచారమేనా? ఆ దురాచారం పోయింది గదా, మరి మా అప్పకు మేలెందుకు జరగలేదు?

నేను ఎర్రసిరా కలం తీసుకున్నాను. ఆ వైపు అక్కను "అప్ప" అంటారు. ఆ మాట కొట్టేసి "సోదరి" అని రాశాను. తర్వాత ఆ పేజీ మొత్తానికి అడ్డంగా గీత గీసి, అంచున "విషయేతరము, తొలగించవలెను" అని రాశాను. అమ్మాయి మారుమాట్లాడకుండా తీసేసింది. మిగిలిన పద్నాలుగు పేజీలకూ నేను మంచి మార్కులే వేశాను.

ఇక నా పత్రం సంగతి. గురజాడ మీద సదస్సు. మా ఉద్యోగాల్లో పైమెట్టు ఎక్కటానికి ఇటువంటి పత్రాలు లెక్కలోకి వస్తై గనక, నేను కూడా ఒకటి రాస్తానని ఒప్పుకున్నాను. "కన్యాశుల్కంలో అభ్యుదయ దృక్పథం" అని శీర్షిక పెట్టుకున్నాను. నేను అభ్యుదయ సాహిత్యం చదువుకున్నవాణ్ణి గనక, పరీక్షల ఐదు గదుల ఇంటికీ నాకూ సంబంధం లేదనుకున్నాను. ఆనాటి ఆర్థిక పరిస్థితులు, వలసపాలన, ఇంగ్లీషు చదువుల మధ్యతరగతి పుట్టుక, రచయిత వర్గస్వభావం, చివర రచయిత అభ్యుదయమూ దాని పరిమితులూ అని విభాగాలు చేసుకున్నాను. లెక్కపెట్టి చూస్తే ఇవీ ఐదే. పాత ఇంటికి ఎర్రరంగు వేశాను గాని గోడలు కదల్చలేదు. గురజాడ పేరు తీసి వీరేశలింగం పేరు పెడితే నా వ్యాసంలో సగం మారకుండానే చెల్లుతుంది.

నాలుగు పేజీలు రాశాక కలం ఆగిపోయింది. రాసినంతవరకు అర్థశాస్త్రం చెప్పే నా సహోద్యోగికి చదివి వినిపించాను. ఆయన నాకన్న పెద్దవాడు, యూనియన్ పనుల్లో ఆరితేరినవాడు. అంతా విని, "బాగానే ఉందండీ. దీన్ని కాదనేవాడెవడు?" అన్నాడు.

"ఎవడూ కాదనలేడు," అన్నాను కొంచెం గర్వంగానే.

"అయితే రాయటం దేనికి?" అన్నాడాయన.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. నా నాలుగు పేజీల్లో అబద్ధమన్నది ఒక్కటీ లేదు. కాని ఆ నిజాలన్నీ అందరికీ ముందే తెలిసినవి. నేను దేన్నీ రుజువు చెయ్యటం లేదు, దేన్నీ కాదనటం లేదు. తెలిసిన సంగతులను తెలిసిన క్రమంలో పేర్చటాన్ని వ్యాసం అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక రాత్రి కూర్చుని వేరే దారిలో మొదలుపెట్టాను. ఆ 1034 పెళ్ళిళ్ళలో ఎవరు లేరు అనే ప్రశ్నతో ఆరంభించాను. కలం పరుగెత్తింది. తెల్లవారేసరికి ఆరు పేజీలైనై. ప్రతి పేరా తర్వాతి పేరాను లాక్కొస్తున్నది. చాలాకాలం తర్వాత నేను వ్యాసం రాస్తున్నాననిపించింది. మర్నాడు దాన్ని శుద్ధప్రతి చెయ్యబోతూ ఓలి అనే మాట దగ్గర ఆగాను. ఈ ప్రశ్న నాది కాదు. నేను అడ్డంగా గీత గీసిన పేజీలోది. విద్యార్థినికి విషయేతరమైన సంగతి అధ్యాపకుడి చేతికి వచ్చేసరికి పరిశోధన అయింది. ఒకరి శ్రమఫలం మరొకరి ఖాతాలో ఎలా జమపడుతుందో తరగతిలో గంటల తరబడి చెప్పగలవాణ్ణి నేను. ఆ పనే నా బల్ల మీద, నా చేతి రాతలో జరిగింది.

అమ్మాయిని పిలిపించి, "వ్యాసంలో నాయనమ్మ సంగతి ఒకటి ఉండాలి, అదేమైంది?" అని అడిగాను.

"మీరే గదా మాస్టారూ కొట్టేసినారు," అన్నది.

కోపంగా అనలేదు. నాకు జ్ఞాపకం చేస్తున్నట్టు అన్నది. తప్పు నాదేనని చెప్పాను. మొదటి చిత్తుప్రతి ఉన్నదా అంటే ఇంట్లో ఉన్నదన్నది. ఆ పేజీని వ్యాసం చెయ్యమన్నాను, తోడుగా కూర్చుంటానన్నాను. మార్కులు వేసేశాక మళ్ళీ రాయటమెందుకో అమ్మాయికి వెంటనే అర్థం కాలేదు. అది నా చదువు చేసిన నిర్వాకమే. ఐనా ఒప్పుకున్నది. మూడు వారాలు పట్టింది. నాలుగు చిత్తుప్రతులైనై. వ్యాసనిర్మాణం గురించి నేను నేర్చుకున్నదంతా ఆ మూడు వారాల్లో నేర్చుకున్నదే.

మొదట తేల్చుకోవలసి వచ్చింది, శీర్షికకూ ప్రశ్నకూ గల తేడా. "సామాజిక నేపథ్యం" అనేది శీర్షిక మాత్రమే. దాని కింద ఏమైనా రాయవచ్చు. అందుకే ఏదీ రాయనక్కర లేదు. ప్రశ్న ఉంటే జవాబు కావాలి. జవాబును ఒక్క వాక్యంలో, కాదనటానికి వీలుండేట్టు రాయమన్నాను. "ఓలి మంచిది, కట్నం చెడ్డది" అని రాసింది. కాదనటానికి వీలుగానే ఉన్నది. నేనే కాదన్నాను. ఓలి డబ్బు ఎవరి చేతికి వచ్చింది? నాయనమ్మ చేతికి కాదు, ఆమె తండ్రి చేతికి. కూలిచేసే రెండు చేతులు ఒక ఇంట్లోంచి మరో ఇంటికి పోతుంటే మొదటి ఇంటికి ముట్టిన పరిహారం అది. అందులో ఆడదాని స్వేచ్ఛ ఎక్కడున్నది?

అమ్మాయి రెండు రోజులు రాలేదు. ఊరికి వెళ్ళి నాయనమ్మను అడిగి వచ్చింది. ముసలామె డెబ్బై దాటిన మనిషి. మొదటి మొగుడు తాగి కొడుతుంటే విడిచివచ్చిందట. అతని ఓలి డబ్బు తిరిగి కట్టి రెండోవాడు మనువాడాడట. ఆ రెండో ఆయనే ఈ అమ్మాయి తాత. "మరి బుచ్చమ్మకు ఆ దారి లేదు గదా మాస్టారూ," అన్నది అమ్మాయి.

అసలు వాదం అక్కడ దొరికింది. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మను అమ్మాడు, ఆమె పసుపుకుంకాలు పోగొట్టుకొని ఇంట్లోనే ఉన్నది. అది చూస్తూ రెండో కూతుర్ని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మబోతున్నాడు. వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చింది. ఐనా తెలుగుదేశంలో అటువంటి మొదటి పెళ్ళిని వీరేశలింగం రాజమండ్రిలో చేయించగలిగింది 1881లో. అంటే ఆ కులాల్లో చట్టమూ, ఉద్యమమూ కలిసి పోరాడి తెచ్చుకోవలసి వచ్చినదాన్ని, కూలిజనం మారుమనువు పేరుతో ఆచారంగానే ఉంచుకున్నారు. దీన్నిబట్టి అమ్మాయి వాక్యం ఇలా మారింది: కన్యాశుల్కాన్ని దారుణం చేసింది డబ్బు ఒక్కటే కాదు, పసితనపు పెళ్ళీ, దారి లేని వైధవ్యమూ ఆ డబ్బుతో కలవటం. ఈ వాక్యాన్ని కాదనవచ్చు. డబ్బే మూలమనీ, తండ్రికి ఆశ పెట్టి పసిపిల్లను పెళ్ళిపీటల మీదికి లాగింది డబ్బేననీ ఎవరైనా వాదించవచ్చు. కనక రుజువు చెయ్యాలి.

రుజువు కోసం వెతకగానే, మేం ఇద్దరం పదిసార్లు చదివిన పీఠికే కొత్తగా కనిపించింది. ఆ పట్టికలో పెళ్ళికూతుళ్ళ వయసులున్నై. ఐదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఇదివరకటి వ్యాసంలో అమ్మాయి ఈ అంకెలను "సామాజిక నేపథ్యం" గదిలో అలంకారంగా పెట్టింది. ఇప్పుడు కూడికవేసింది. ఐదేళ్ళూ అంతకు లోపూ ఉన్నవాళ్ళు 188 మంది, 1034లో దాదాపు ఐదోవంతు. అంకె పాతదే. వాదం ఉన్నది గనక ఇప్పుడది సాక్ష్యం అయింది. మనం వ్యాసాల్లో గుప్పించే సమాచారంలో ఎంత భాగం సాక్ష్యమో, ఎంత భాగం అలంకారమో ఎవరికి వారు పరీక్షించుకోవటం మంచిది.

నాయనమ్మ మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నది తర్వాత వచ్చిన చిక్కు. మన వాళ్ళల్లో రెండు పొరపాట్లున్నై. ఇంటి మనిషి చెప్పింది గనక సాక్ష్యం కాదని తోసేసేవాళ్ళు కొందరు. నేను చేసింది అదే. శ్రమజీవి చెప్పింది గనక అదే పరమ సత్యమనేవాళ్ళు మరికొందరు. ఒక ముసలామె మాట ఒక పెళ్ళిని గురించిన వాఙ్మూలం. అది ఒక కులచరిత్ర అంతా కాదు. అందుచేత అమ్మాయి తమ వీధిలో మరో నలుగురు వృద్ధురాళ్ళను అడిగింది. ఎవరు ఏం చెప్పారో అంతవరకే రాసింది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణభారత కులాల, తెగల వివరాల్లో, తెలుగు కులాలు కొన్నింటి దగ్గర ఓలి ప్రస్తావన ఉన్నది. దాన్ని చూపించాను. తెల్లదొరల ప్రభుత్వపు కళ్ళతో రాసిన గ్రంథమని హెచ్చరించాను కూడా. కన్యాశుల్కం రెండో రూపం వచ్చిందీ ఆ 1909లోనే. ఆ రెండు గ్రంథాలను పక్కపక్కన పెట్టి చూడాలని పదేళ్ళ అధ్యాపకత్వంలో నాకు తోచలేదు.

ఇంత సరుకు చేరాక, దాన్ని ఏ వరసలో పెట్టాలన్నది ప్రశ్న. రెండో చిత్తుప్రతిలో అమ్మాయి తనకు తట్టిన వరసలోనే రాసింది: అప్ప అప్పు, నాయనమ్మ, పట్టిక, మళ్ళీ నాయనమ్మ, నాటకం, మళ్ళీ అప్ప. మార్క్సు "పెట్టుబడి" మొదటి సంపుటం రెండో కూర్పుకు 1873లో రాసిన వెనకమాటలో పరిశోధన పద్ధతీ, ప్రతిపాదన పద్ధతీ రూపంలో ఒకటిగా ఉండవన్నాడు. పరిశోధకుడు ముడిసరుకులో పడి, ఒక్కొక్కదాన్నీ విప్పి, వాటి లోపలి సంబంధాలను పట్టుకోవాలి. అది ఐన తర్వాతే చెప్పటం మొదలవుతుంది. దీన్ని నేను గతితర్కం గురించిన పాఠంలో అనేకసార్లు చెప్పాను. అది బల్ల మీద చిత్తుకాగితాలకు కూడా వర్తిస్తుందని అప్పుడే తెలిసింది. ప్రశ్న మనకు దొరికిన క్రమం వేరు, చదివేవాడు దాన్ని ఒప్పుకోగలిగే క్రమం వేరు. మొదటిది లేకుండా రెండోదాన్ని పట్టుకుంటే మూస. మొదటిదాన్నే అచ్చుకిస్తే దినచర్య.

వరస తేల్చటానికి ఒక మోటు పద్ధతి పట్టాం. ప్రతి పేరాకూ ఒక చీటీ చింపి, ఆ పేరా ఏం చేస్తున్నదో ఒక్క ముక్కలో రాయమన్నాను. అది దేన్ని గురించో రాయవద్దన్నాను. "గురజాడ గురించి" అని రాస్తే చెల్లదు. "పట్టికలో ఎవరు లేరో చూపిస్తుంది", "నా మాటకు అడ్డు చెబుతుంది", "ఆ అడ్డుకు జవాబిస్తుంది" అని రాస్తే చెల్లుతుంది. ఇలా రాస్తూ పోతే మూడు పేరాలకు చీటీ మీద రాయటానికి ఏమీ దొరకలేదు. గురజాడ జననమరణాలు, నాటకం కథాసంగ్రహం, గురజాడ మహాకవి అన్న ప్రశంస. మూడూ నేను నేర్పిన గదులే. వాటిని తీసేశాం. మిగిలిన చీటీలను అధ్యాపకుల గదిలో బల్ల మీద పరిచి అటూ ఇటూ జరిపాం. చివరికి తేలిన వరస: పట్టిక, పట్టికలో లేనివాళ్ళు, నాయనమ్మ, వీధిలో వృద్ధురాళ్ళు, ఓలీ అమ్మకమే గదా అనే ఆక్షేపణ, బుచ్చమ్మకూ నాయనమ్మకూ భేదం, పట్టికలోని వయసులు, తన వాదం, చివర అప్ప కట్నం.

ఆక్షేపణను వాదానికి ముందు పెట్టటం అమ్మాయి ఆలోచనే. "మీరు ముందే కాదన్నారు గనకనే నేను ఊరెళ్ళినాను, చదివేవాళ్ళు కూడా ముందే కాదంటారు గదా," అన్నది. మనం సాధారణంగా ఎదుటివాడి వాదాన్ని చివర తెచ్చి, నాలుగు విశేషణాలతో కొట్టి పంపేస్తాం. అలాకాక, దాన్ని దాని పూర్తి బలంతో దారిలో నిలబెట్టి, దాన్ని దాటుకుంటూ పోతేనే మన మాట రుజువవుతుంది.

మరో సంగతి చూశాం. ఐదు గదుల వ్యాసంలో పేరాలను కలిపే మాటలు "అలాగే", "అంతేకాక", "ఇంకా", "మరియు". ఈ మాటలతో కలిసిన పేరాలను ఎటు మార్చినా నష్టం లేదు. కొత్త వ్యాసంలో "ఐతే", "అందువల్ల", "కాని", "ఐనప్పటికీ" అనే మాటలు వచ్చినై. వీటితో కలిసిన పేరాలు చోటు మారితే అర్థం చెడుతుంది. ఒక వ్యాసానికి నిర్మాణం ఉన్నదో లేదో తెలుసుకోటానికి నేను ఇప్పుడు చేసే మొదటి పరీక్ష ఇది.

ఇక భాష. రెండో ప్రతిలో కూడా అమ్మాయి తన మాటలన్నింటినీ "భావింపబడుచున్నది", "పరిగణింపబడినది" అనే పడికట్టు రాళ్ళ మధ్య దాచింది. భావించింది ఎవరు అని అడిగితే, "నేనే మాస్టారూ, కాని నేను అని రాయకూడదు గదా" అన్నది. అది నేను చెప్పిన నియమమే. విద్యార్థులు పరీక్షల్లో ఎటువంటి తెలుగు రాయాలన్న విషయం మీద మద్రాసు విశ్వవిద్యాలయం ఒక ఉపసంఘం వేసింది. వాడుకభాష పక్షాన గురజాడ 1914లో అందులో అసమ్మతి పత్రం రాశాడు. ఆయన ఎవరి కోసం ఆ తగాదా పడ్డాడో అటువంటి విద్యార్థి, ఆయన నాటకం మీదనే వ్యాసం రాస్తే, నూరేళ్ళు దాటాక నేను "అప్ప"ను కొట్టేసి "సోదరి"ని చేశాను. ఆయనను కొలుస్తున్నాననుకుంటూ ఆయన ఎదిరించిన పక్షం చేరాను. అప్ప మళ్ళీ వ్యాసంలోకి వచ్చింది. "నేను" అనే మాట కూడా, అవసరమైన నాలుగైదు చోట్ల వచ్చింది.

మూడో ప్రతి ఐనాక అమ్మాయి అలిసిపోయింది. "ఇంకెన్నిసార్లు మాస్టారూ?" అన్నది. కన్యాశుల్కం 1892లో మొదటిసారి విజయనగరంలో ఆడింది, 1897లో అచ్చయింది. పేరు వచ్చిన నాటకాన్ని గురజాడ అలాగే వదిలెయ్యవచ్చు. కాని పన్నెండేళ్ళకు, 1909లో, ఐదంకాల నాటకాన్ని ఏడంకాలు చేసి తిరగరాశాడు. మధురవాణి మనకు తెలిసిన మధురవాణి అయింది ఆ తిరగరాతలోనే. ఈ సంగతి చెప్పాను. "ఆయనకు పరీక్షల తేదీ లేదు," అని నవ్వింది. నాలుగో ప్రతి మాత్రం రాసింది. ఉపోద్ఘాతం ఆ ప్రతిలోనే, అన్నిటికన్న చివర రాసింది. తాను ఏం చెప్పబోతున్నదో అప్పటికి తెలిసింది గనక ఐదు వాక్యాల్లో అయిపోయింది.

ముగింపు దగ్గర మాత్రం నాకూ అమ్మాయికీ చిన్న తగాదా వచ్చింది. పెట్టుబడిదారీ విధానం స్త్రీ శ్రమ విలువను దిగజార్చటం వల్లనే ఓలి పోయి కట్నం వచ్చిందనీ, ఈ విధానం పోతేనే కట్నం పోతుందనీ ముగించమన్నాను. "అది నిజమే కావచ్చు మాస్టారూ, కాని నా పేజీల్లో దానికి రుజువేదీ?" అన్నది. లేదు. కట్నాన్ని నిషేధించే చట్టం 1961 నుంచీ ఉన్నది. అది ఉండగానే ఓలి పుచ్చుకున్న ఇళ్ళు కట్నం ఇచ్చే ఇళ్ళుగా మారినై. అది ఎలా జరిగిందన్నది మరో వ్యాసం. అమ్మాయి అదే మాట రాసి, దాన్ని ప్రశ్నగానే వదిలింది. ముగింపులో విప్లవం తీసుకురావటం మన పత్రికల్లో ఒక అలవాటు. పేజీలు మోసుకురాని విప్లవాన్ని చివరి పేరా మొయ్యలేదని నాకు నా విద్యార్థిని చెప్పవలసి వచ్చింది.

ఆ వ్యాసాన్ని మా కళాశాల సాహిత్య సభలో తన పేరుతో చదివింది. పావుగంట పట్టింది. ఒకరిద్దరు పెద్దలు, ఇంటి సంగతులు వ్యాసంలోకి తేవటం పద్ధతి కాదన్నారు. వెనక వరసలోంచి ఇద్దరు అమ్మాయిలు తమ ఇళ్ళలో నాయనమ్మలను అడుగుతామన్నారు. నా సదస్సు పత్రం నేను పంపలేదు. ఇందులో త్యాగమేమీ లేదు. నా పాత నాలుగు పేజీలు పంపటానికి మనసొప్పలేదు, కొత్త ఆరు పేజీలు నావి కావు.

ఇది చదివి, నమూనాలన్నింటినీ తగలబెట్టమంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నమూనా ఇవ్వకపోతే నష్టపోయేది ఎవరు? ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు కాదు. వాళ్ళకు వ్యాసం ఎలా ఉంటుందో తండ్రుల మాటల్లోనే తెలుస్తుంది. పొట్టు తీసే ఇంటినుంచి వచ్చిన పిల్లకు ఆ ఐదు గదులే మొదటి ఆధారం. స్వేచ్ఛ పేరుతో దాన్ని లాక్కోవటం కూడా ఒక వర్గ పక్షపాతమే. పోతే, ఆ ఐదు గదుల వ్యాసాన్ని ఇవాళ ఫోనులో అడిగితే యంత్రం అర నిమిషంలో రాసిపెడుతున్నది. పిల్లలు దాన్ని వాడుతున్నారని అధ్యాపకులం గగ్గోలు పెడుతున్నాం. యంత్రం చెయ్యగలిగిన పనినే మనం ఇన్నాళ్ళూ చదువని పిల్లల చేత చేయించామన్నది మాత్రం ఒప్పుకోవటం లేదు. ఆ అమ్మాయి పేజీని ఏ యంత్రమూ రాయలేదు. దానికి నాయనమ్మా లేదు, అప్పూ లేదు.

అందుచేత ఇప్పుడు నేను వరస మార్చాను. నమూనాను మొదటి రోజు ఇవ్వటం లేదు. మొదట ప్రశ్న అడగమంటున్నాను. ఆ ప్రశ్న వాళ్ళ ఇంట్లోంచి వచ్చినా, పుస్తకంలోంచి వచ్చినా ఫరవాలేదు. తర్వాత ఎవరైనా కాదనగల వాక్యం ఒకటి. తర్వాత తోచినట్టు ఒక చిత్తుప్రతి. చీటీలు, బల్ల, తగాదా ఆ తర్వాత. అప్పటికీ నిలదొక్కుకోలేనివాళ్ళకు పాత గదులు చూపిస్తున్నాను, వీటిలో మీకు పనికివచ్చేవి ఏవో మీరే చెప్పండని. ఎనభైమంది ఉన్న తరగతిలో ఇది అందరితో సాధ్యం కావటం లేదు. పాఠ్యప్రణాళికా, పరీక్షల పద్ధతీ మారకుండా ఒక అధ్యాపకుడు చెయ్యగలిగింది కొద్దే. వాటిని మార్చటం ఉమ్మడిగా చెయ్యవలసిన పోరాటం.

ఎర్రసిరా కలం మాత్రం ఎవరి చేతిలోది వారి అధీనంలోనే ఉంటుంది. ఒక పేజీకి అడ్డంగా గీత గీసేముందు, అది నిజంగా విషయేతరమా, లేక నేను ఇచ్చిన శీర్షికే విషయేతరమా అని ఒక్కసారి ఆలోచించటానికి ఏ పాఠ్యప్రణాళికా అడ్డురాదు.